మనము – మేము : కుటుంబములకు చెప్పు పర్యావరణ ప్రబోధమున ఉత్తమపురుష బహువచనము

సాహిత్యవిమర్శ కావ్యనాటకములకే పరిమితము కావలెనను నియమము లేదు. శాసనమును, జాబును, కైఫీయతును గూడ మన పూర్వపరిశోధకులు వాఙ్మయముగా పరిగణించి చదివిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కావ్యములనుండి వంటయింటిని, వస్త్రమును, వ్యవసాయమును వెలికిదీసి చూపిరి. బిరుదురాజు రామరాజుగారి పరిశోధనతో స్త్రీల పాటకు విశ్వవిద్యాలయమున పీట వేయబడినది. నేడు తెలుగున విరివిగా అచ్చగుచు, విమర్శకుని దృష్టికి మాత్రము రాకుండ తప్పించుకొని తిరుగుచున్న మరియొక శాఖ కలదు. కుటుంబములకు పర్యావరణమును గూర్చి బోధించు కరపత్రములు, పాఠ్యపుస్తకముల పాఠములు, గోడవ్రాతలు, పత్రికల గృహశీర్షికలు దాని రూపములు. 1991 నవంబరులో సుప్రీంకోర్టు విద్యాలయములందు పర్యావరణమును నిర్బంధముగా బోధింపవలెనని ఆదేశించిననాటి నుండి దీని పరిమాణము పెరుగుచునే యున్నది. దీనిని పర్యావరణ ప్రబోధ వాఙ్మయమని వ్యవహరింతుము.

ఈ వాఙ్మయములోని విజ్ఞానము సరియా కాదా యను విచారము శాస్త్రజ్ఞులది. దాని భాషను విచారించుట మన శాఖకు చెందిన పని. ఆ భాషలో ఒకే ఒక పదమును, ‘మనము’ అను సర్వనామమును, మేము పరీక్షింపదలచితిమి. ఇంత చిన్న పదమునకు ఇంత వ్యాసమా యని కొందరు నవ్వవచ్చును. నింద యెవరిది, కర్తవ్యమెవరిది యను నిర్ణయము ఆ పదములోనే జరిగిపోవుచున్నదని మా వాదము.

తెలుగున ఉత్తమపురుష బహువచనమునకు రెండు రూపములున్నవి. వినువానిని కలుపుకొనునది ‘మనము’; వినువానిని వెలుపల నుంచునది ‘మేము’. ఇది మూలద్రావిడమునుండి మనకు సంక్రమించిన ఆస్తి. తమిళము ‘నామ్’, ‘నాంగళ్’ అని దీనిని నిలుపుకొన్నది. నేటి కన్నడము ‘నావు’ అను ఒక్క రూపముతో సరిపెట్టుకొన్నది. ఆర్యభాషయైన మరాఠీలో సైతము ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ అను భేదము కలదు. ద్రావిడ సంసర్గమే దీనికి కారణమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉర్దూలోని ‘హమ్’కు గాని ఇంగ్లీషులోని ‘వుయ్’కు గాని ఈ వివేకము లేదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును ఒకే అంగడిలో వినవచ్చు బోధను వంటి పట్టణమున ఈ తారతమ్యము పుస్తకవిషయము కాదు, నిత్యవ్యవహారము.

వ్యవహారమున ఈ రెంటి బలము ఎంతటిదో ఇంటింట తెలిసినదే. పెండ్లిమాటలకు వచ్చినవారు ‘మేము’ విడిచి ‘మనము’ అన్న క్షణమున సంబంధము సగము కుదిరినట్లు. పొత్తుల బాయి గల అన్నదమ్ములు నీరు పుష్కలముగా నున్నపుడు ‘మన బాయి’ యందురు. పూడిక తీయవలసివచ్చిన యేట ఆ ‘మన’ ఎక్కడనో జారిపోవును. ‘మనము’ అనునది వట్టి సర్వనామము కాదు, అదియొక ఒప్పందము. వినువాడు అంగీకరింపకముందే ‘మనము’ అన్నచో అది చనువగును, కొన్నియెడల మోసము గూడ నగును. (ఈ వ్యాసమున మేము ‘మేము’ అని వ్రాయుటను గౌరవవాచకముగా నెంచకుడు. చదువరి సమ్మతి లేకుండ అతనిని మా అభిప్రాయములోనికి లాగుకొనుట మాకిష్టము లేదు.)

వ్యాకరణమున మరియొక చిక్కు కలదు. క్రియారూపములో ఈ భేదము కనబడదు. ‘మేము చేయుచున్నాము’, ‘మనము చేయుచున్నాము’ అను రెంట క్రియ యొక్కటియే. కర్తృపదమును విడుచుట తెలుగువాక్యమునకు సహజము గనుక ‘నీటిని వృథా చేయుచున్నాము’ అని వ్రాసినపుడు చేయువారెవరో తేలదు. ‘ఆదా చేయుదము’ అను ప్రార్థనార్థకమున మాత్రము సందేహము లేదు. అచట ‘మనము’ తప్ప వేరు కర్త పొసగదు. ప్రబోధరచయితలు ఈ రెండు వాక్యములను వెంటవెంటనే వ్రాయుదురు. రెండవదానిలోని ‘మనము’ వెనుకకు ప్రాకి మొదటిదానికి కర్తయై కూర్చుండును. కలసి చేయుద మన్నంత మాత్రమున తప్పును గూడ కలసియే చేసినట్లగుచున్నది.

ఈ రచనలలో పెక్కులకు మూలము ఇంగ్లీషునందో హిందీయందో ఉండును. 2021 నవంబరు 1న గ్లాస్గో నగరమున జరిగిన వాతావరణ మహాసభలో భారత ప్రధానమంత్రి ‘లైఫ్’ అను మాటను ప్రతిపాదించిరి; పర్యావరణానుకూల జీవనశైలి యని దాని యర్థము. 2022 అక్టోబరు 20న గుజరాతులోని ఏక్తానగరమున ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి సమక్షమున అది ఉద్యమముగా ఆరంభింపబడినది. వ్యక్తులును కుటుంబములును చేయదగిన 75 పనులు అందు ఏడు వర్గములుగా చెప్పబడినవి. విద్యుత్తు, నీరు, ప్లాస్టిక్కు, ఆహారము, చెత్త, ఆరోగ్యము, పాడైన ఎలక్ట్రానిక్ వస్తువులు ఆ వర్గములకు విషయములు. పట్టికగా చూచినచో అందు తప్పుపట్టదగినది స్వల్పము. ఆ పట్టికయే తెలుగున వచనమై ఇంటింటికి వచ్చునపుడు ‘హమ్’ అన్న ప్రతిచోట అనువాదకుడు ఒక నిర్ణయము చేయవలసియున్నది. అట్టి నిర్ణయమొకటి యున్నదని గూడ తలపక అతడు ‘మనము’ అని వ్రాసి ముందుకు సాగిపోవుచున్నాడు. మూలభాషలో లేని అంగీకారము ఈ విధముగా తెలుగున పుట్టుచున్నది.

ఈ రచనల నడక గూడ దాదాపు ఒక్కటియే. మొదట మంచుకొండలు కరగుట, సముద్రములు పొంగుట; పిదప ‘మనము’ చేసిన తప్పులు; తుదకు ‘మీరు’ చేయవలసిన పనులు. భయము, నింద, విధి అను మూడు మెట్లు. ఆలంకారికులు దీనికి ఏ రసమును అంగిగా నిర్ణయింతురో మాకు తోచకున్నది! నిందలో రచయిత ‘మనము’ అని చదువరి ప్రక్కన కూర్చుండును. పని చెప్పవలసి వచ్చునప్పటికి లేచి ‘మీరు’ అని ఎదుట నిలుచుండును.

ఈ ‘మనము’ను ఒక నిర్దిష్ట ప్రదేశమున పెట్టి చూచినగాని దాని బరువు తెలియదు. ఇందూరను పూర్వనామము గల నిజామాబాదును, దాని పడమటి చెరకుసీమయైన బోధనును తీసికొందము. (ఇచట ‘మనము’ తగును, పరీక్షకు చదువరియు మాతో వచ్చుచున్నాడు.)

మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ సీమ రూపమునే మార్చివేసినది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దానికి ఇంజనీరు. కాలువనీరు బాన్సువాడ, బోధను, నిజామాబాదు ప్రాంతములకు పారగా మెట్టపంటల నేలలో వరియు చెరకును వెలసినవి. చెరకు వెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారమును, దాని చుట్టు శక్కర్‌నగరమును ఏర్పడినవి. ఆసియాఖండముననే పెద్దదని ఒకప్పుడు పేరుగన్న ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. గానుగలో రసము తీసిన చెరకు పిప్పినే బాయిలరులో మండించి తన ఆవిరిని తానే పుట్టించుకొనుట చక్కెర మిల్లుల ధర్మము. పునర్వినియోగమను మాట తెలుగున పుట్టక పూర్వమే ఆ పని శక్కర్‌నగరమున జరిగినది.

అయినను చెరకు పేరాసగల పంట. పది పండ్రెండు మాసములు నేలనుండి, 1500 మొదలు 2500 మిల్లీమీటర్ల నీటిని అది కోరును. ఈ జిల్లా వార్షిక వర్షపాతము సుమారు 1000 మిల్లీమీటర్లు. తక్కిన నీరు కాలువ నుండియైనను రావలెను, భూగర్భమునుండియైనను రావలెను. నిజాంసాగరము కట్టిననాడు అందు 29.7 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. పూడిక చేరి చేరి ఆ శక్తి తరిగిపోగా, నీటిమట్టమును పెంచిన పిమ్మట సైతము 17.8 టి.ఎం.సి.లే నిలిచినది. ఎగువన సింగూరు జలాశయము ఏర్పడి మంజీర నీరు హైదరాబాదు కుళాయిలకు పోవుచున్నది. కాలువ మొదటి తూములవారికి అందినట్లు చివరి తూములవారికి నీరందదు. కాలువ చాలనిచోట బోరుబావులు లోతునకు దిగినవి. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైన తరువాత మోటారుకు బిగించిన ఆటోస్టార్టరులను తీసివేయుడని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చినది. మేము రైతును తప్పుపట్టుట లేదు. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చునో తెలియక పొలముగట్టున జాగరణ చేసిన సంవత్సరములలో పుట్టిన ఉపాయమది. కరెంటు మారినను అలవాటు వెంటనే మారదు.

ఇట్టి సీమలో, కాలువ చివరి యూరిలో, బోరింగు కొట్టి బిందె నింపుకొని వచ్చిన ఇల్లాలికి ఒక కరపత్రము ‘మనము నీటిని వృథా చేయుచున్నాము’ అని చెప్పుచున్నది. ఈ ‘మనము’లో ఎవరెవరున్నారు? మొదటి తూమువాడు, నగరములోని తొట్టిస్నానము, పూడికను పంపిన ఎగువ నేలలు, పంటను నిర్ణయించిన ధర, ఆమె బిందె — అన్నియు ఒక్క మూటలో కట్టబడినవి. మూట ఆమె నెత్తిపై పెట్టబడినది. ఆ కరపత్రము అబద్ధమాడినదని మేమనము. నీరు వృథాయగుచున్న మాట నిజమే. వాక్యము సత్యము, కర్త అసత్యము.

దీని ప్రక్కన కాలువల నీటి ప్రకటనల భాషను పెట్టి చూడుడు. ‘విడుదల చేయబడును’, ‘నిలిపివేయబడును’, ‘తెలియజేయబడుచున్నది’ యను కర్మణివాక్యములే అందెల్లెడల. చేయువాడు కనబడడు. బాలవ్యాకరణము చదివినవారు తెలుగున కర్మణిప్రయోగము కృతకమని వాదులాడుకొన్నారు; దాని కృతకత్వమే కార్యాలయమునకు ప్రయోజనకరమని వారికి తట్టినట్లు లేదు. మున్నూరు గ్రామముల నీటిని త్రిప్పు వాక్యమునకు కర్త లేడు. ఒక చెంబు నీటిని ఒలకబోసిన వాక్యమునకు మాత్రము కర్త నిండుగా, బహువచనమున నున్నాడు.

పూర్వము ఈ సీమలో నీటికి సంబంధించిన భాష ఇట్లుండలేదు. చెరువు క్రింది పొలములకు వంతుల ప్రకారము నీరు విడుచు ‘నీరటి’ యను గ్రామోద్యోగి యుండెడివాడు. తూము, మత్తడి, శిఖము, ఆయకట్టు, వంతు — ఈ మాటలన్నియు ఎవరు ఎచట ఏ పని చేయవలెనో చెప్పు మాటలు. చెరువుకట్టపై వెలసిన దేవత పేరు సైతము కట్టమైసమ్మ. సప్తసంతానములలో తటాకమును, వనమును చేర్చిన మన కవులు చెరువు త్రవ్వించిన ప్రభువును పొగడిరి గాని నీరటిని పద్యమున కెక్కింపలేదు. మన కావ్యములకు ఈ లోపమున్నదని ఒప్పుకొనుట మేలు.

ఇంటిలోని పొదుపునకు గూడ ఇంటిలోనే మాటలున్నవి. బియ్యము కడిగిన నీరు, కూరగాయల తొక్కలు, మిగిలిన గంజి కుడితి గోలెములో చేరి బఱ్ఱెల కడుపులోనికి పోవును. మోదుగాకు విస్తరి తిన్న పిమ్మట పెంటకు చేరి, పెంటనుండి పొలమునకు చేరును. ఈ వరుసలో ‘వ్యర్థము’ అను మెట్టు లేదు. ‘తడిచెత్త నిర్వహణము’ అను అనువాదపదమును మోసికొని వచ్చిన రచయిత కుడితి యను మాటను ఎరుగడు, ఎరిగినను అచ్చునకు తగదనుకొనును. తెలిసినవారికి తెలియనట్లు చెప్పుట ప్రబోధమునకు పెద్దదోషము. వినువారు మర్యాదకు తలయూపి లేచిపోవుదురు.

ఇంతమాత్రమున పాత ఇంటిని పూజింపవలెనని మేము చెప్పుట లేదు. అట్టి వ్యాసములు ఈ నడుమ మితిమీరినవి. కుడితి గోలెమును నింపినదియు, ఎత్తినదియు, కడిగినదియు స్త్రీయే. ఆ పొదుపు ఆమె నడుముపై నడచినది. కట్టెలపొయ్యి పొగ ఆమె కన్నులలోనికే పోయినది. 1999లో దీపము పథకము క్రింద వంటగ్యాసు వచ్చుటను ఆమె సంస్కృతీనాశనముగా తలపలేదు. చెరకు నరికిన పిమ్మట మిగిలిన ఆకును పొలముననే కాల్చుట ఈ సీమలో ఎప్పటినుండియో యున్నది; నేలలోని సారమును పొగగా మార్చు ఆ పనికి పడమటి నాగరకతను నిందించి ప్రయోజనము లేదు. అందుచే ‘కుటుంబము’ను ఒక్క వ్యక్తిగా భావించి సంబోధించుట గూడ సరికాదు. కుటుంబములోపల సైతము ‘మనము’ను విడదీసి చూడవలసియే యున్నది: బిందె మోయువారొకరు, మోటారు మీట నొక్కువారొకరు.

వేడిమి విషయము ఇంకను కఠినము. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి రెండువేలకు పైగా జనులు మరణించిరి. ఎండలో తెలంగాణమున మొదటి వరుసలో నిలుచు పట్టణములలో నిజామాబాదు ఒకటి. ‘మధ్యాహ్నము బయటికి వెళ్లకుడు’ అను వాక్యమును మట్టిపని కూలికి వినిపించి చూడుడు. ఆ ‘మీరు’లో అతడు లేడు. పంకా లేని రేకులయింటిలో వృద్ధుడు నున్నాడు. అతనికి ఇల్లే వడగొట్టుచోటు. ‘మనము భూమిని వేడెక్కించితిమి’ అను వాక్యములో మాత్రము ఆ యిరువురును ఉన్నారు. తప్పులో చేర్చి, రక్షణలో విడిచిన సర్వనామమిది.

చిత్రమేమనగా, దేశముల నడుమ భారతదేశము ఈ విషయమున ఏనాడును ‘మనము’ అని ఊరకుండలేదు. 1992లో రియో నగరమున దేశముల సంతకములకు ఉంచబడిన వాతావరణ ఒడంబడిక తృతీయాధికరణమున, బాధ్యత ఉమ్మడిదే యైనను తారతమ్యము గలదని స్పష్టముగా వ్రాయబడినది. అధికముగా బొగ్గుకాల్చి సంపన్నములైన దేశములు ముందు నడువవలెనని దాని తాత్పర్యము. అనగా ప్రపంచసభలో మనవారు పట్టుబట్టి ‘మనము’లోనుండి ‘మేము’ను వేరుచేసి చూపిరి. అది న్యాయమైన వ్యాకరణము. అదే వ్యాకరణమును ఇంటిలోపలికి వచ్చునప్పటికి మరచితిమి. గ్లాస్గోలో ‘మేము’, బోధనులో ‘మనము’!

దీనిపై ఒక ఆక్షేపము రావచ్చును. ఈ విధముగా పాళ్లు తీసికొనుచు కూర్చున్నచో ఎవరును ఏ పనియు చేయరు, ‘మనము’ అను భావన లేక సామూహికకార్యము సాగదు అని. ఈ ఆక్షేపము బలమైనది. దీనికి సమాధానము తర్కమునకంటె ఈ ప్రాంతపు అనుభవముననే దొరకును. 2015 మార్చి 12న అప్పటి నిజామాబాదు జిల్లా సదాశివనగరమున మిషన్ కాకతీయ ఆరంభింపబడినది. దానికి పెట్టిన నినాదము ‘మన ఊరు – మన చెరువు’. అచట గూడ ‘మన’ శబ్దమే. కాని ఆ ‘మన’కు హద్దులున్నవి: ఫలానా ఊరు, ఫలానా చెరువు. పనికి పాళ్లున్నవి. పూడిక త్రవ్వించుట ప్రభుత్వము వంతు. త్రవ్విన ఒండ్రుమట్టిని తన బండిపై పొలమునకు తరలించుకొనుట రైతు వంతు. ‘మేము’ ఏమి చేయుదుమో ‘మీరు’ ఏమి చేయుదురో ముందు తేలినపిదప వచ్చిన ‘మన’ అది. ఆ మరమ్మతులన్నియు చక్కగా జరిగినవని గాని, ఏటేట పూడిక తీయు ఏర్పాటు నిలిచినదని గాని మా అభిప్రాయము కాదు. నినాదముగా మాత్రము అది సార్థకప్రయోగము. వంతులు తేల్చని ‘మన’కును, వంతులు తేల్చిన ‘మన’కును గల భేదము అక్కడ కనబడును.

బతుకమ్మ ఆటలో ఈ విషయమే వేరొక రీతిని గోచరించును. వలయముగా తిరుగు స్త్రీలలో ఒకతె చరణము నెత్తుకొనును, తక్కినవారందుకొందురు. పాడునది ఏకవచనము, నడచునది బహువచనము. తంగేడు, గునుగు, గుమ్మడిపూవు, పసుపు గౌరమ్మ — ఎవరి బతుకమ్మను వారు పేర్చుకొని వత్తురు. చెరువు మాత్రము అందరిది. సద్దులనాడు చెరువులో నీరు లేకున్న, ఉన్నను మురికియైన, పండుగ అందరికిని ఒకేసారి చెడును. పట్టణమున నీటితొట్టిలో పూలు వదలవలసి వచ్చిన సంవత్సరము స్త్రీలకు కలుగు వెలితి ఏ కరపత్రమును కలిగింపలేని పర్యావరణజ్ఞానము. మా దృష్టిలో కుటుంబములకు వ్రాయువారు చదువవలసిన మొదటి వచనము ఈ ఆటయే.

తరగతిగదిలో ఈ విమర్శను అభ్యాసముగా మార్చవచ్చును. ‘మనము భూగర్భజలమును తోడివేయుచున్నాము’ అను వాక్యమును విద్యార్థులకిచ్చి, ‘మనము’ను తొలగించి, సరియైన కర్తలతో తిరిగి వ్రాయుమనుడు. వాక్యము ఒకటికి నాలుగగును. ‘చివరి తూమునకు నీరు రానందున ఆ యూరి రైతులు బోరు వేసిరి.’ ‘కరెంటు ఆగదు గనుక మోటారును ఎవరును ఆపుట లేదు.’ ‘చెరకు కొనువారు లేనందున బోధను రైతు వరి నాటెను, వరియు నీటిపంటయే.’ ‘మా యింట కుళాయి కట్టని పాత్ర క్రింద ప్రతిదినము ఒక బిందె పోవుచున్నది.’ నాలుగవ వాక్యమున ‘మా’ దానంతటదియే వచ్చుటను విద్యార్థి గమనించును. మొదటి మూడు వ్రాయుటకు అతడు కాలువ వెంట నడచి, అడిగి తెలిసికొనవలసి వచ్చును. నాలుగవదానికి ఇంటికి పోయిన చాలును.